ఎడమచేతి వాటం అమ్మాయికి ఎయిర్ రైఫిల్ స్టాక్ ఇంట్లోనే చెయ్యాలి, సలహాలు కావాలి

ఎడమవాటం_నాన్న (విజయనగరం)

అందరికీ నమస్కారం. మాది కంటోన్మెంట్ దగ్గర. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో ఎయిర్ రైఫిల్ నేర్పిస్తుంటే బాగా పట్టుకుంది, సార్లు కూడా చెయ్యి నిలకడగా ఉందంటున్నారు. చిక్కల్లా ఒకటే, పిల్లది ఎడమచేతి వాటం. మా దగ్గరున్నది మన దేశంలో తయారైన 4.5 మి.మీ. స్ప్రింగ్ రైఫిల్, బ్యారెల్ విరిచి (అంటే గొట్టాన్ని కిందికి మడిచి) గుళ్లు పెట్టే రకం. దాని చెక్క స్టాక్, అంటే ఇనుప భాగం కూర్చునే, భుజానికి ఆనించే చెక్క ఒళ్లు, కుడిచేతి వాళ్ల కోసం చేసింది. చెంప ఆనించే ఎత్తు ఎడమ పక్కన ఉంది. పిల్ల ఎడమ భుజానికి పెడితే చెంప కుడి పక్కన ఆనాలి, అక్కడ చెక్క చదునుగా ఉంటుంది. కన్ను గురి చూసే సైటుకి అందడానికి మెడ వంచేస్తోంది. గంట ప్రాక్టీసు అయ్యేసరికి మెడ నొప్పి.

ఎడమచేతి మోడళ్లు విదేశీ కంపెనీల్లో ఉన్నాయి కానీ ఆ ధర మాకు అందదు. ఇంటి పక్కన కారు షెడ్డు ఉంది. కారు లేదు, పాత స్కూటరు, కూలరు, ధాన్యం బస్తాలు, మా నాన్నగారి నాటి వడ్రంగి సామాను ఉన్నాయి. అక్కడే కొత్త స్టాక్ చేద్దామనుకుంటున్నాను. ఏ చెక్క మంచిది? కొలతలు ఎలా తియ్యాలి? ఇనుప భాగం చెక్కలో కదలకుండా ఎలా కూర్చోపెడతారు? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి_కుర్రోడు (శ్రీకాకుళం)

అన్నా, సూపర్ ఐడియా. నాదొక డౌటు. స్టాక్ ఒక్కటే ఎందుకు, మొత్తం రైఫిల్ ఇంట్లోనే చేసుకోవచ్చు కదా? అమెరికా వాళ్ల వీడియోలు చూస్తున్నాను. బ్యారెల్, యాక్షన్ (కాల్చే యంత్రభాగం), స్టాక్ అన్నీ విడివిడిగా తెప్పించుకుని గ్యారేజీలో కూర్చుని బిగించుకుంటున్నారు. మనకీ లేత్ షాపులున్నాయి కదా. ఒక మంచి స్టీల్ పైపు తెస్తే పని అవ్వదా?

ఖాకీ_విశ్రాంతి (ఆమదాలవలస)

తమ్ముడూ, ఆ ఆలోచన ఇక్కడితో ఆపెయ్. పోలీసు డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరైనవాణ్ణి, అనుభవంతో చెబుతున్నాను.

వాళ్ల దేశం చట్టం వేరు. మనది 1959 నాటి ఆయుధాల చట్టం. దాని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారు చెయ్యడమే కాదు, అమ్మడం, మార్చడం, రిపేరు చెయ్యడం, పరీక్షించడం కూడా నేరం. 6వ సెక్షన్ బ్యారెల్ పొట్టి చెయ్యడం గురించీ, బొమ్మ తుపాకిని అసలు తుపాకిగా మార్చడం గురించీ చెబుతుంది. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి శిక్ష తక్కువలో తక్కువ ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. 'నా సరదా కోసం చేసుకున్నాను, ఎవరినీ కాల్చలేదు' అంటే కోర్టు వినదు.

చట్టం ఒక ఎత్తు, ప్రాణం ఇంకో ఎత్తు. మన ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకులు పేలి వేళ్లు పోయినవాళ్లని, కన్ను పోయినవాళ్లని నేను ఆసుపత్రికి తీసుకెళ్లాను. పైపు బయటికి గట్టిగానే కనపడుతుంది. మందు అంటుకున్న క్షణంలో లోపల ఎంత ఒత్తిడి పుడుతుందో ఆ పైపు చేసినవాడికి తెలీదు, అతుకు ఎక్కడ బలహీనంగా ఉందో తెలీదు. అది చీలేది ముఖం దగ్గరే.

ఈ థ్రెడ్ మొదలుపెట్టినాయన అడిగింది వేరే సంగతి. ఆయన చెక్క మారుస్తున్నారు, అంతే. ఇనుము జోలికి పోవట్లేదు. అందులో తప్పేమీ లేదు.

నాగావళి_కుర్రోడు (శ్రీకాకుళం)

సరే సార్, అర్థమైంది. మరి ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు ఎందుకు అక్కర్లేదు? అదీ తుపాకే కదా?

ఖాకీ_విశ్రాంతి (ఆమదాలవలస)

2016 ఆయుధాల నియమాల్లో ఒక గీత ఉంది. గొట్టం లోపలి వ్యాసం 4.5 మి.మీ. దాటకూడదు, గుండు బయటికొచ్చేటప్పుడు దాని శక్తి 20 జౌల్స్ దాటకూడదు. ఈ రెండింటికీ లోబడి ఉంటే లైసెన్సు అవసరం లేదు. కొనేటప్పుడు షాపులో గుర్తింపు కార్డు అడుగుతారు, బిల్లు ఇస్తారు. ఆ బిల్లు జాగ్రత్తగా దాచుకోండి. రైఫిల్ ఊరు దాటి తీసుకెళ్లేటప్పుడు సంచిలో పెట్టి, బిల్లు కాపీ, స్కూలు లేదా క్లబ్బు లెటరు వెంట ఉంచుకుంటే దారిలో ఎవరు ఆపినా టెన్షన్ ఉండదు.

ఈ గీత దాటితే ఎయిర్ రైఫిల్‌కీ లైసెన్సు కావాలి. కాబట్టి పవర్ పెంచుతామని స్ప్రింగులు అమ్మేవాళ్ల మాట వినొద్దు.

సైన్స్_టీచరమ్మ (నరసన్నపేట)

20 జౌల్స్ అంటే ఎంతో లెక్క వేసి చూపిస్తాను, పిల్లలకు కూడా పనికొస్తుంది. గతి శక్తి అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించడం. అర గ్రాము గుండు అనుకోండి, అంటే 0.0005 కిలోలు. అది సెకనుకి 280 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి 19.6 జౌల్స్. అంటే అక్కడికి గీత దగ్గరికి వచ్చేసినట్టే. కొన్ని డబ్బాల మీద వెయ్యి అడుగుల వేగం అని గొప్పగా రాస్తారు. వెయ్యి అడుగులంటే సుమారు 305 మీటర్లు. అదే అర గ్రాము గుండు నిజంగా ఆ వేగంతో వెళ్తే 23 జౌల్స్ దాటిపోతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది కాబట్టి వేగం కొంచెం పెరిగినా లెక్క మారిపోతుంది.

పోటీ గుండు 0.53 గ్రాములుంటుంది. సెకనుకి 170 మీటర్ల వేగంతో పది మీటర్ల దూరంలోని గురి కార్డుకి అది హాయిగా సరిపోతుంది. అప్పుడు శక్తి 7.7 జౌల్స్ లోపే. గురి కుదరడానికి పవర్ అక్కర్లేదని ఈ లెక్కే చెబుతోంది.

పది_మీటర్లు (విశాఖపట్నం)

మేడమ్ చెప్పింది వంద శాతం నిజం. నేను పిల్లలకు రైఫిల్ షూటింగ్ నేర్పిస్తాను. మా అమ్మమ్మగారి ఊరు గజపతినగరం, అందుకే ఈ ప్రశ్న చూడగానే ఆగాను.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కార్డులో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. బాల్ పెన్నుతో పెట్టిన చుక్క అంత. కార్డు మీద బయటి వలయం కూడా 45.5 మిల్లీమీటర్లే. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో స్వర్ణం గెలిచింది, హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది ఈ చుక్క మీదే. ఇంత చిన్న చుక్క దగ్గర శరీరానికి రైఫిల్ కుదరకపోతే ఎంత కష్టపడినా ఫలితం ఉండదు. కండ బిగించి రైఫిల్‌ని గురి మీదకి తోస్తే కాసేపటికి కండ అలిసిపోతుంది, గురి జారిపోతుంది. ఎముకల మీద రైఫిల్ దానంతట అది నిలబడాలి. మెడ వంచకుండా, పళ్లు బిగించకుండా తల నిటారుగా ఉంచితే కన్ను సైటు వెనక్కి రావాలి. ఎడమవాటం పిల్లలకు ఇదే దొరకదు. చాలా చోట్ల 'కుడి భుజానికి మార్చుకో' అంటారు. ముందు ఏ కన్ను బలమైందో చూడండి. ఎడమ కన్ను బలంగా ఉన్న పిల్లని బలవంతంగా కుడికి మార్చొద్దు.

చెక్క కొనకముందే ఒక పని చెయ్యండి. ఉన్న స్టాక్ మీదే థర్మాకోల్ ముక్కలు, అట్టముక్కలు టేపుతో అంటించండి. పాపని నిలబెట్టి కళ్లు మూసుకోమనండి, రైఫిల్ భుజానికి పెట్టి చెంప ఆనించమనండి, ఇప్పుడు కళ్లు తెరవమనండి. సైటు కంటి ముందు ఉంటే ఎత్తు సరిపోయింది. కింద ఉంటే అట్ట తగ్గించండి, పైన ఉంటే పెంచండి. అలసిపోయాక ఇంకోసారి చూడండి. సాయంత్రం ఒకలా, పొద్దున్న ఒకలా వస్తుంది. రెండు మూడు వారాలు అలా కాల్చనివ్వండి. అట్ట ఎక్కడ ఆగితే అదే మీ కొలత.

ట్రిగ్గర్ నుంచి మడమ (స్టాక్‌లో భుజానికి ఆనే వెనక చివర) దాకా పొడవు కూడా ముఖ్యం. పిల్ల పెరుగుతోంది కాబట్టి దాన్ని ఒక్క కొలతకి కట్టెయ్యొద్దు. మడమ చివర విడిగా చేసి, మధ్యలో ఆరేసి మిల్లీమీటర్ల ప్లైవుడ్ బిళ్లలు పెట్టి స్క్రూలతో బిగించండి. పొడవు పెరగాలంటే ఒక బిళ్ల కలిపితే చాలు.

పోటీ నిబంధనలు కొన్ని ముందే చూసుకోవాలి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య లెక్క ప్రకారం రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. స్టాక్ ముందు భాగం మందం 60 మి.మీ. దాటకూడదు. చెంప ఆనించే భాగం గొట్టం మధ్యగీత నుంచి పక్కకి 40 మి.మీ. కంటే బయటికి రాకూడదు. ఎనిమిదో తరగతి పిల్లకి 5.5 కిలోల రైఫిల్ ఇవ్వమని కాదు, అది గరిష్ఠ హద్దు మాత్రమే. తేలిగ్గా చెయ్యండి. బరువు తర్వాత కలపొచ్చు.

ఎడమవాటం_నాన్న (విజయనగరం)

గురువుగారూ, చాలా చాలా థ్యాంక్స్. బలమైన కన్ను చూశాను. రెండు చేతులూ చాపి మధ్యలో చిన్న కన్నం చేసి దూరంగా ఉన్న గంటస్తంభం బొమ్మని చూడమన్నాను, ఒక్కో కన్ను మూయించాను. ఎడమ కన్నే. అట్టల పని ఈ రాత్రే మొదలుపెడతాను. చెక్క సంగతి ఎవరైనా చెప్పండి.

ఉలిబాడిత (బొబ్బిలి)

చెక్క సంగతి నేను చెబుతాను బావూ. మాది తరాల వడ్రంగి పని. తలుపులు, మంచాలు, నాగళ్లు చేసిన ఇల్లు. తుపాకి స్టాక్ ఎప్పుడూ చెయ్యలేదు కానీ చెక్క ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ ఓడుతుందో తెలుసు.

మా పక్కన గొల్లపల్లిలో వీణలు ఒక్క పనస దుంగ నుంచి చెక్కుతారు. పనస తేలిక, ఉలికి బాగా లొంగుతుంది, ఆరాక వంకర తిరగదు. లేత పసుపులో మొదలై ఏళ్లు గడిచేకొద్దీ తేనె రంగుకొస్తుంది. పిల్ల కోసం తేలిక కావాలంటే నా ఓటు పనసకే. కానీ బాగా ఆరిన చేవ దొరకాలి. నిన్న కోసిన దుంగ తెచ్చి ఈ రోజు చెక్కితే వానాకాలానికి మెలిపడుతుంది. రెండు అంగుళాల పలక నీడన ఆరాలంటే రెండేళ్లు పడుతుందని మా పెద్దలనేవారు. మన సముద్రపు గాలికి ఇంకొంచెం ఎక్కువే అనుకోండి.

టేకు అందరికీ తెలిసిందే. తడికి చలించదు, పురుగు పట్టదు. రెండు ఇబ్బందులు. ఒకటి, దాంట్లో ఇసుక రేణువుల్లాంటి పదార్థం ఉంటుంది, ఉలి అంచు త్వరగా మొద్దుబారుతుంది. రెండు, నూనె చెక్క కాబట్టి జిగురు సరిగా పట్టదు. పలకలు అతికించి మందం తెచ్చుకోవాలనుకుంటే అతికించే ముందు థిన్నర్ గుడ్డతో తుడిచి వెంటనే జిగురు రాయాలి.

మన జిల్లాలో సుళువైన దారి ఇంకొకటుంది. పాత మండువా ఇళ్లు పడగొడుతున్నారు. ఆ దూలాలు, ద్వారబంధాలు యాభై అరవై ఏళ్లు ఆరిన టేకు. కోయించే ముందు అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం చూసుకోండి. లోపల విరిగిన మేకు ఉంటే సామిల్లు వాడి బ్లేడు పోతుంది, ముక్క ఎగిరి ఎవరికో తగులుతుంది.

కొందరు చింత చెక్క అంటారు. పైడితల్లి అమ్మవారి సిరిమాను చింతమానే కాబట్టి మనవాళ్లకి దాని మీద భక్తి. సిరిమానుకి అది తగినదే, అంత పొడవున వంగి లేచినా విరగదు. స్టాక్‌కి మాత్రం వద్దు. బరువెక్కువ, నార అడ్డదిడ్డంగా అల్లుకుని ఉంటుంది, ఉలి పెడితే చెక్క పెచ్చులు లేస్తుంది. నల్లతుమ్మ కూడా అంతే, బండి చక్రానికి రాజు, చేతిపనికి కాదు.

ఏ చెక్కయినా నార చూసి కొనండి. పిడికిలితో పట్టుకునే సన్నని చోట నార అడ్డంగా పోతే అక్కడే విరుగుతుంది. స్టాక్ బొమ్మ అట్ట మీద గీసి, కత్తిరించి, పలక మీద పెట్టి తిప్పుతూ చూడండి. సన్నని చోట నార దాని పొడవునే సాగాలి. ముడి అక్కడ ఉండకూడదు. మడమ దగ్గర ముడి ఉంటే పరవాలేదు, అందంగా కూడా ఉంటుంది. తెల్లచెక్క ఎక్కడా ఉంచొద్దు, దానికి పురుగు పడుతుంది.

పలక 80 సెంటీమీటర్ల పొడవు, 16, 17 వెడల్పు, 6 మందం ఉంటే చాలు. ముందు మామిడి చెక్కతో ఒక నమూనా చెయ్యండి. మామిడి చవక, తప్పు పోయినా బాధ ఉండదు.

పది_మీటర్లు (విశాఖపట్నం)

ఒక మాట కలుపుతాను. బ్యారెల్ విరిచే రైఫిల్‌కి స్టాక్ ముందు భాగంలో కింద పొడవాటి గాడి ఉంటుంది, విరిచేటప్పుడు లివర్ అందులో కదులుతుంది. ఆ గాడి వల్ల రెండు పక్కలా చెక్క పలచగా మిగులుతుంది. పక్క స్క్రూలు వచ్చేది కూడా అక్కడే. స్ప్రింగ్ రైఫిల్ కాల్చినప్పుడు పిస్టన్ ముందుకి పోతూ ఒకసారి వెనక్కి తంతుంది, తన ముందు నొక్కుకుపోయిన గాలికి దిండుకి తగిలినట్టు తగిలి ఆగుతూ ఇంకోసారి ముందుకి తంతుంది. గుండు గొట్టం వదిలేలోపే ఇదంతా అయిపోతుంది. ఆ కుదుపుకి పలచ గోడలు చీలిపోతాయి. ఒక్కో పక్క 8 మిల్లీమీటర్ల కన్నా తగ్గించకండి.

ఉలిబాడిత (బొబ్బిలి)

అయితే పనస కంటే టేకే మేలు అక్కడ. లేదంటే వెనక పనస, ముందు టేకు అతికించడం కుదురుతుంది కానీ ఆ అతుకు పిడికిలి దగ్గరకి రాకూడదు. మొదటిసారి చేసేవారికి ఒకే పలక మంచిది. టేకు తీసుకోండి.

లేత్_మాస్టర్ (చీపురుపల్లి)

ఈ థ్రెడ్ చదివి సంతోషం వేసింది. మా షాపుకి నెలకోసారైనా ఎవడో ఒక గుంటడు పైపు పట్టుకుని వస్తాడు, లోపల గాడులు వెయ్యమంటాడు. వెయ్యను. ఎంత డబ్బిస్తానన్నా వెయ్యను. ఎవరి కుర్రాడో తెలిస్తే వాళ్ల నాన్నకి చెబుతాను కూడా. నాగావళి తమ్ముడూ, నీకు లేత్ మీద ఇష్టముంటే రా, నేర్పిస్తాను. ఐటీఐలో చేరు. ఆ చేతికి జీవితాంతం అన్నం దొరుకుతుంది.

ఇక అడిగినాయనకి నా తరఫు పని. చెక్కలో స్క్రూ బిగించినప్పుడు చెక్క నలుగుతుంది. ప్రతిసారీ కొంచెం నలిగి, స్క్రూ ఇంకొంచెం తిరుగుతుంది, ఇనుము కూర్చునే ఎత్తు మారిపోతుంది. దానితోపాటే గురి మారుతుంది. దీనికి మందు స్క్రూ చుట్టూ లోహపు గొట్టం ముక్క. దాన్ని పిల్లర్ అంటారు. బయటి వ్యాసం 12 మి.మీ., లోపల స్క్రూ కంటే అర మిల్లీమీటరు ఎక్కువ, పొడవు సరిగ్గా చెక్క మందమంత. ఇత్తడైనా, అల్యూమినియమైనా ఒకటే. స్క్రూ బిగించిన బలమంతా లోహం మీద పడుతుంది, చెక్క ప్రాణానికి హాయిగా ఉంటుంది. కొలతలు పంపండి, తీసి ఇస్తాను. మన బుడితి ఇత్తడి పని చూశారా? మడమ చివర బిళ్ల అక్కడి వాళ్లతో పోత పోయించుకుంటే చూడ్డానికి బాగుంటుంది, వెనక బరువు కావాలన్నప్పుడు కూడా పనికొస్తుంది.

ఎడమవాటం_నాన్న (విజయనగరం)

మాస్టారూ, మీ నంబరు మెసేజ్‌లో తీసుకుంటాను. ఇప్పుడు అసలు ప్రశ్న. ఇనుప గొట్టం గుండ్రంగా ఉంది, చెక్కలో దానికి పల్లం తొలవాలి. ఎక్కడ తగులుతోందో, ఎక్కడ ఖాళీ ఉందో లోపల కనపడదు కదా. ఎలా?

ఉలిబాడిత (బొబ్బిలి)

దీపం మసి. ప్రమిదలో ఆముదం దీపం పెట్టి పైన ఇత్తడి పళ్లెం బోర్లిస్తే పట్టే నల్లని మసి. మా అమ్మ కాటుక పట్టినట్టే. దాన్ని రెండు చుక్కల నూనెతో కలిపి ఇనుము అడుగున వేలితో పలచగా రాయండి. చెక్కలో పెట్టి నెమ్మదిగా నొక్కి తియ్యండి. చెక్క మీద ఎక్కడ నల్లగా అంటిందో అక్కడే ఎత్తుంది. అంతమేరే ఉలితో గీరండి. మళ్లీ రాయండి, మళ్లీ పెట్టండి. మేం తలుపు కీలు పల్లాలకి ఇలాగే చేస్తాం. మొదట్లో రెండు చోట్ల అంటుతుంది, చివరికి పల్లమంతా మసకగా అంటుతుంది. అక్కడ ఆగాలి. తొందరపడి లోతు పోతే చెక్క తిరిగి రాదు. గుండ్రానికి అర్ధచంద్ర ఉలి వాడండి, చివర్లో గొట్టమంత లావున్న కర్రకి ఉప్పుకాగితం చుట్టి రుద్దండి.

పది_మీటర్లు (విశాఖపట్నం)

దాని తర్వాత బెడ్డింగ్, అంటే ఇనుముకీ చెక్కకీ మధ్య ఖాళీల్ని జిగురుతో నింపడం. మసి పద్ధతిలో ఎంత జాగ్రత్తగా చేసినా వెంట్రుకవాసి ఖాళీలు మిగులుతాయి. పిల్లర్ల చుట్టూ, వెనక స్క్రూ దగ్గర, ముందు రెండు స్క్రూల మధ్య ఆరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురు వేస్తారు. త్వరగా గట్టిపడేది కాదు, రాత్రంతా ఆరేది తీసుకోండి. అందులో సన్నని టేకు పొడి కలిపితే కారకుండా ముద్దలా ఉంటుంది.

ఇక్కడ ఒక్క విషయం మర్చిపోకూడదు. ఇనుముకి, స్క్రూలకి మైనం పాలిష్ గానీ బూటు పాలిష్ గానీ రెండు పొరలు బాగా పట్టించండి. ఇనుములో ఉన్న ప్రతి కన్నాన్నీ, గాడినీ పిల్లలు ఆడుకునే మైనపు ముద్దతో నింపండి. లేదంటే జిగురు లోపలికి దూరి తాళం వేసినట్టు పట్టేస్తుంది. అప్పుడు చెక్క కొయ్యకుండా రైఫిల్ బయటికి రాదు. స్క్రూలు గట్టిగా బిగించొద్దు, వేళ్లకి ఆగేంత చాలు. బిగిస్తే ఇనుము వంగిన స్థితిలోనే జిగురు ఆరిపోతుంది.

లివర్ గాడిలో చుక్క జిగురు కూడా పడకూడదు.

సైన్స్_టీచరమ్మ (నరసన్నపేట)

షెడ్డు గురించి నాకు భయంగా ఉంది. ధాన్యం బస్తాలు, స్కూటరు, అంటే పెట్రోలు, పైగా చెక్కపొట్టు. చెక్కకి అవిసె నూనె రాస్తారనుకుంటాను. ఆ నూనె ఎండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడి పుట్టిస్తుంది. నూనె గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టి మూలన పడేస్తే వేడి లోపలే పోగై, అగ్గిపుల్ల లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఇది ఊహ కాదు, రసాయన చర్య. వాడిన గుడ్డల్ని బకెట్ నీళ్లలో ముంచండి, లేదా బయట తీగ మీద ఒక్కొక్కటిగా ఆరేయండి. స్కూటరు, బస్తాలు పని అయ్యేదాకా వేరే చోటికి మార్చండి.

టేకు పొడి కొందరికి చర్మం మీద దద్దుర్లు తెస్తుంది, దగ్గు తెస్తుంది. మాస్కు కట్టుకోండి.

ఎడమవాటం_నాన్న (విజయనగరం)

మేడమ్, స్కూటరు, బస్తాలు ఈ రోజే వరండాలోకి పెట్టించాను. నూనె గుడ్డ సంగతి చెప్పి మంచి పని చేశారు, మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

అట్టల పని ఫలితం. మడమ పొడవు బాగా తగ్గించాల్సి వచ్చింది. చెంప ఎత్తు మొదట అనుకున్నదానికంటే ఎక్కువ కావాల్సి వచ్చింది. పాప మెడ నిటారుగా ఉంది. మెడ నొప్పి అనలేదు. కార్డు చూస్తే దెబ్బలు ఒక చోటికి చేరుతున్నాయి. ఇంకా చెక్క ముట్టనేలేదు, అట్టముక్కలకే ఇంత తేడా! నాకు నమ్మకం కుదిరింది.

విజయ_గృహిణి (రాజాం)

మా బాబు కూడా నేర్చుకుంటున్నాడు, నాదొక ప్రశ్న. ఈ గుళ్లు సీసంతో చేస్తారటగా, పిల్లలకు మంచిదేనా? ఇంట్లో ప్రాక్టీసు చెయ్యొచ్చా?

పది_మీటర్లు (విశాఖపట్నం)

అమ్మా, సీసం సంగతి మీరు అడగడం మంచిదైంది. కాల్చేటప్పుడు ఏమీ తినకూడదు, గుళ్లు నోట్లో పెట్టుకోకూడదు, కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నలిగిన గుళ్లు ఊడ్చేటప్పుడు చీపురుతో దుమ్ము లేపకండి, తడిగుడ్డతో తియ్యండి. గుళ్లు ఆపే పెట్టెలో ఇనుప రేకు నిటారుగా కాకుండా 45 డిగ్రీలు వాల్చి పెడితే గుండు కిందికి జారి పడుతుంది, ఎదురు రాదు. వెనక గట్టి గోడ ఉండాలి, పక్కన తలుపు గానీ దారి గానీ ఉండకూడదు. ఎయిర్ రైఫిల్ గుండు వందల మీటర్లు పోగలదు. ఎప్పుడూ పెద్దవాళ్లు పక్కన ఉండాలి, అందరికీ కళ్లద్దాలు ఉండాలి.

బ్యారెల్ విరిచిన రైఫిల్‌లో గుండు పెడుతున్నంతసేపూ రెండో చేత్తో బ్యారెల్‌ని గట్టిగా పట్టుకోవాలి. అది జారితే స్ప్రింగు దాన్ని విసురుగా మూసేస్తుంది, వేళ్లు నలుగుతాయి. గుండు లేకుండా కాల్చొద్దు, పిస్టన్ చివర దెబ్బతింటుంది.

గొట్టంలో ఇంట్లో దొరికే మెషిన్ ఆయిల్ వెయ్యొద్దు. ఒత్తిడికి వేడెక్కిన గాలిలో ఆ నూనె అంటుకుంటుంది, డీజిల్ ఇంజిన్‌లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది.

ఖాకీ_విశ్రాంతి (ఆమదాలవలస)

రైఫిల్ ఒక బీరువాలో, గుళ్లు వేరే చోట, రెండు తాళాలు, తాళంచెవులు పెద్దవాళ్ల దగ్గర. ఇంకొకటి, పిట్టల మీద కాల్చొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. చిలకని కొట్టి వీడియో పెట్టి కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్లున్నారు. పిల్లలకి రైఫిల్ ఇచ్చిన రోజునే ఈ మాట గట్టిగా చెప్పండి.

నాగావళి_కుర్రోడు (శ్రీకాకుళం)

సార్, మాస్టారు, అందరికీ థ్యాంక్స్. లేత్ నేర్చుకోవడానికి వచ్చే నెల చీపురుపల్లి వస్తాను, నిజంగానే. ఎడమవాటం అన్నా, మీ మామిడి నమూనా చెక్కేటప్పుడు చెప్పండి, ఆదివారం బస్సెక్కి వచ్చి సాయం పడతాను. ఈ పని దగ్గరుండి చూడాలనుంది.

ఉలిబాడిత (బొబ్బిలి)

నూనె పనికి వచ్చేసరికి వానలు తగ్గాలి. దసరా దాటి, సిరిమాను పండగ అయ్యాక మొదలుపెట్టండి, గాలి పొడిబారుతుంది. పెయింట్ షాపులో కాచిన అవిసె నూనె అడగండి, పచ్చిది ఆరడానికి చాలా రోజులు పడుతుంది. మొదటి పొరకి సగం టర్పెంటైన్ కలిపి పట్టించండి, చెక్క లోపలికి తాగుతుంది. ఆ తర్వాత ఉత్త నూనె, కొన్ని చుక్కలే, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దండి. ఒక పొర పూర్తిగా ఆరాకే ఇంకోటి. జిగటగా ఉండగా వేస్తే ఏడాదైనా ఆరదు. పల్లం లోపల, మడమ చివర కోసిన చోట కూడా నూనె పెట్టాలి, తడి ఎక్కువగా దూరేది కోసిన చివరల్లోంచే.

లేత్_మాస్టర్ (చీపురుపల్లి)

స్ప్రింగ్ రైఫిల్ కుదుపుకి స్క్రూలు వదులవుతాయి. అన్నీ అయ్యాక స్క్రూ మరల మీద నీలం రంగు లాక్ లిక్విడ్ ఒక్క చుక్క వెయ్యండి. ఎర్రది వద్దు, అది వేడి చేస్తే తప్ప ఊడదు. ప్రతిసారీ ఒకే బిగువు ఉండేలా స్క్రూ తల మీద, చెక్క మీద చిన్న గీతలు ఎదురెదురుగా పెట్టుకోండి. గీతలు కలిశాయా లేదా అని ప్రాక్టీసు ముందు చూస్తే చాలు. పిల్లర్లకి నాకు కావాల్సినవి మూడు కొలతలు: స్క్రూ లావు, పల్లం అడుగు నుంచి స్టాక్ బయటి వైపు దాకా మందం, స్క్రూ తల వెడల్పు. వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పనిముట్టు) తీసి పంపండి. టేపుతో తీసినవి పనికిరావు.

ఎడమవాటం_నాన్న (విజయనగరం)

కొలతలు సోమవారం పంపిస్తాను మాస్టారూ. టేకు దూలం ముక్క ఒకటి చూసి వచ్చాను, అయస్కాంతం పట్టుకెళ్లాను, ఒక చివర మేకు దొరికింది. ఆ ముక్క వదిలేసి మిగతాది కోయిస్తున్నాను. గురువుగారూ, కొత్త స్టాక్ బిగించాక సైటు పాత సెట్టింగులోనే ఉంచాలా?

పది_మీటర్లు (విశాఖపట్నం)

ఉంచినా గురి మారే ఉంటుంది. ఇనుము కూర్చున్న తీరు మారింది, తల నిలిపే తీరు మారింది. మొదటి వారం సైటు ముట్టుకోకండి. బెడ్డింగ్ సర్దుకోవాలి, పాపకి కొత్త స్టాక్ అలవాటవ్వాలి. దెబ్బలు ఎక్కడ పడినా పరవాలేదు, ఒకచోట గుంపుగా పడుతున్నాయా లేదా అన్నదే చూడండి. గుంపు కుదిరాక సైటు తిప్పి మధ్యకి తెచ్చుకోండి. ఆ కార్డులన్నీ తేదీ వేసి దాచి, ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.